జనం వచ్చాడా?

పోయిన నెలలో ఒక పొద్దున మా డబ్బింగ్ థియేటర్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది: ‘జనం చనిపోయాడు.’ కొత్తగా చేరిన అసిస్టెంట్ అమ్మాయి, పాపం బాగా చదువుకున్న పిల్ల, ‘చనిపోయారు’ అని కింద దిద్దింది. ఆ వెంటనే కంగారుపడి ‘ఎంతమంది?’ అని అడిగింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేశాను. ఆయనే బతికుంటే ఆ ప్రశ్నని వారం రోజులు కనబడిన వాళ్ళందరికీ చెప్పి నవ్వించేవాడు.

నేను ఫిల్మ్‌నగర్‌లో సౌండ్ ఇంజనీర్ని. అద్దానికి ఇవతల నేను, అవతల మైకు. సినిమాలో హీరో కారు దిగగానే వేలమంది ఈలలు వేస్తారు చూడండి, ఊరు ఊరంతా పెద్దమనిషి మీద తిరగబడుతుంది చూడండి, ఆ తెర మీద కనబడే వాళ్ళంతా ఉత్తినే నోళ్ళు ఆడిస్తారు. గొంతులు మా గదిలోవి. ఐదారుగురు ఒక మైకు చుట్టూ నిలబడి ఊరంతటికీ అరుస్తారు. ఆ ఐదారుగురికి పెద్ద ఈయన. అసలు పేరు వాళ్ళావిడకీ ఆధార్ కార్డుకీ మాత్రమే తెలుసు. మాకందరికీ ‘జనం’.

‘‘జనం వచ్చాడా?’’ ‘‘ఇంకా లేదండీ, ఎర్రగడ్డ సిగ్నల్ దగ్గర ఇరుక్కున్నాడు.’’ ‘‘జనం ఏడీ?’’ ‘‘టీకి వెళ్ళాడు.’’ ఇలా ఉండేవి మా మాటలు. ఒకసారి బెజవాడ నుంచి వచ్చిన కొత్త నిర్మాత ‘‘క్లైమాక్సుకి వెయ్యిమంది జనం కావాలమ్మా, ఉన్నారా?’’ అని నన్నడిగాడు. ‘‘ఒకడున్నాడండీ, సరిపోతాడు’’ అన్నాను. ఆయన నా మొహం వంక చూసి, మా మేనేజరు దగ్గరికెళ్ళి, ఈ అమ్మాయికి ఒంట్లో బాగుందా అని విచారించాడట.

మనిషి పొట్టి, బక్క. రోహిణికార్తెలో కూడా మెడకి మఫ్లర్. చేతిలో ఎప్పుడూ స్టీలు ఫ్లాస్కు, అందులో మిరియాలూ పటికబెల్లమూ వేసిన వేణ్ణీళ్ళు. ఈ ఊళ్ళో అంత పెద్ద గొంతున్నవాడు బయట మాట్లాడితే పక్కవాడికి వినబడేది కాదు. గొంతుని అంత పిసినారిగా వాడుకునేవాడు. ముప్పై ఏళ్ళ కాపురం సైగల మీదే నడిచిందని ఆయనే చెప్పేవాడు. ఒకసారి మా గేటు ముందు ఎవరో పెద్దమనిషి డ్రైవరు కారుని ఈయన స్కూటరుకి అడ్డంగా పెట్టి, తీయనని మొండికేశాడు. ఈయన మెల్లగా లోపలికొచ్చి నా చెవిలో అన్నాడు: ‘‘చెల్లె, జర నువ్వొచ్చి అరువవా? నాకు సాయంత్రం ఊరేగింపు ఉన్నది.’’

పని మొదలైతే మాత్రం వేరే మనిషి. మైకు ముందు నిలబడి అరిస్తే ముందు వరస. గోడ వైపు తిరిగి అరిస్తే వెనక వరస. తలుపు దగ్గరికెళ్ళి నోటికి చెయ్యడ్డం పెట్టుకుంటే మేడ మీద నుంచి చూసేవాళ్ళు. తాగినవాడు, పళ్ళూడిన ముసలాయన, జలుబు చేసినవాడు, అందరూ ఆయనే. ‘‘జనమంటె అందరు ఒక్కతీర్గ అరువరు చెల్లె. పదిమంది కోపంతోని అరుస్తరు. ఇరవైమంది పక్కోణ్ని జూసి అరుస్తరు. మిగిలినోళ్ళకు ఎందుకొచ్చిండ్రో గూడ తెల్వది’’ అనేవాడు. ఆ మిగిలిన వాళ్ళ తరఫున ప్రతి గుంపులోనూ తప్పకుండా ఒక కేక వేసేవాడు: ‘‘అరె, నా చెప్పు!’’

అది ఆయన ముద్ర. గుంపంటూ ఉంటే ఎవడో ఒకడి చెప్పు తెగుతుందని ఆయన సిద్ధాంతం. ఒక పౌరాణికానికి చెబుతూ పట్టాభిషేకం సీనులో కూడా వేశాడు. దర్శకుడు ఎగిరిపడ్డాడు. ‘‘ఏమయ్యా, పట్టాభిషేకంలో చెప్పేంటయ్యా?’’ అంటే, ‘‘పట్టాభిషేకమైతె తొక్కులాట ఉండదా సార్?’’ అన్నాడు. దర్శకుడు కాసేపు ఆలోచించాడు. చివరికి ‘‘అయ్యో, నా పాదుక!’’ దగ్గర రాజీ కుదిరింది.

ఇంత చెప్పి క్రికెట్ సంగతి చెప్పకపోతే ఆయన్ని సగమే చెప్పినట్టు. ఆటంటే పిచ్చి. మా ముందుగదిలో టీవీ ఉంది. మ్యాచ్ రోజున లైట్‌మన్ దగ్గర్నుంచి ఎడిటర్ దాకా అందరూ అక్కడే. సినిమావాళ్ళం కదా, మ్యాచ్‌కి కూడా సినిమాకి చెప్పినట్టే తీర్పు చెబుతాం. ఫస్టాఫ్ పరవాలేదు, సెకండాఫ్ సాగదీశాడు, వీణ్ణి ఎవడు పెట్టుకున్నాడండీ అంటూ. అందరూ అరుస్తూంటే ఈయనొక్కడూ మఫ్లర్ కొస నోట్లో కుక్కుకుని కూర్చునేవాడు. ఊరికే అరిస్తే గొంతు పాడవుతుందని భయం. సిక్సర్ పడితే మఫ్లర్ ఇంకో జానెడు లోపలికెళ్ళేది.

మూడేళ్ళ కింద మన హైదరాబాద్ జట్టుకి ఓపెనర్ ఒకడుండేవాడు. పాతికేళ్ళు నిండని కుర్రాడు, కరీంనగర్ వైపు నుంచి వచ్చినవాడు. సెంచరీ కొట్టిన వారం జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర రెండంతస్తుల ఫ్లెక్సీ కట్టారు. తర్వాత వరసగా మూడుసార్లు సున్నాకి ఔటయ్యాడు. ఇంక చూడండి, నోరున్నవాడల్లా కోచ్ అయిపోయాడు. ఒక చానెల్ వాళ్ళు వాస్తు సిద్ధాంతిని కూర్చోబెడితే, ఆయన బ్యాటు ఈశాన్యానికి తిప్పి పట్టుకోమన్నాడు. బౌలరు నైరుతి నుంచి వస్తే ఏం చెయ్యాలో చెప్పలేదు. మా ముందుగదిలో కూడా రీల్స్ చేసుకోమను, అమ్ముడుపోయాడు, కొవ్వెక్కింది అని తలా ఒక రాయి వేశారు. నేనూ వేశాననే చెప్పుకోవాలి. జనం మాత్రం మఫ్లర్ తీసి ‘‘పిలగాడు భయపడుతుండు’’ అని ఒక్క మాట అన్నాడు.

మూడో సున్నా ఆదివారం. సోమవారం మధ్యాహ్నం ఒక చానెల్ నుంచి ఒకాయన మా థియేటర్‌కి వచ్చాడు. ‘‘చిన్న బిట్ మేడం. డాక్యుడ్రామా. ఒక క్రికెటర్ ఇంటిముందు అభిమానుల కోపం. అర్జెంట్’’ అన్నాడు. విజువల్ ఏదీ అంటే, ఎడిట్‌లో ఉంది, ముందు ఆడియో ఇచ్చెయ్యండి అన్నాడు. నాకు అనుమానం రావాలి. వచ్చింది కూడా. మనకెందుకులే అని నోరు మూసుకున్నాను.

ఆ రోజు మిగతా బృందమంతా వేరే థియేటర్‌లో పెళ్ళి సీనుకి వెళ్ళింది. జనం ఒక్కడే ఉన్నాడు. చానెల్ ఆయన నినాదాలు కాగితం మీద రాసుకొచ్చాడు. మొదటిది: ‘వరుస వైఫల్యాలకు నైతిక బాధ్యత వహించాలి!’

‘‘గిట్ల ఎవడన్న అరుస్తడా సార్?’’ అన్నాడు జనం. ‘‘గిదంత అరిచేలోపు ఆయన రిటైర్ అయిపోతడు.’’

‘‘సరే, రెండోది అనండి. ఇంటికి పో, ఇంటికి పో!’’

‘‘ఆయన ఇంటి ముంగటనే నిలబడి ఇంటికి పో అంటె ఎట్ల సార్? ఉన్నదే ఇంట్ల గదా?’’

చానెల్ ఆయన తల గోక్కున్నాడు. ఆఖరికి ‘‘సిగ్గు సిగ్గు’’, ‘‘బ్యాటు కింద పెట్టు’’ ఖాయమయ్యాయి. పనిలో దిగాక మా జనం అన్నకి లోకం తెలియదు. ఎనిమిది ట్రాకులు చెప్పాడు. ముందు వరస, గోడ దగ్గర వాళ్ళు, జలుబువాడు, అందరూ అయ్యారు. చివర చెప్పు కూడా తెగింది. నేను ఎనిమిదీ కలిపి, ఒక్కొక్కదాన్నీ నాలుగు రెట్లు చేసి వదిలితే నాకే ఒళ్ళు గగుర్పొడిచింది. మంచి పని చేశామని ఇద్దరం టీ తాగాం.

ఏడింటి వార్తల్లో వచ్చింది. నిజమైన క్రికెటర్, నిజమైన ఇల్లు, జూబ్లీహిల్స్‌లో. తగలబడుతున్న పోస్టర్ మీద కెమెరాని అతికించేశారు. పక్కన నాలుగైదు పిడికిళ్ళు తప్ప ఇంకేమీ కనబడదు. వెనక మాత్రం సముద్రం. ‘వేలాదిగా తరలివచ్చిన అభిమానుల ఆగ్రహజ్వాల’ అని యాంకరమ్మ ఊగిపోతోంది. ముందుగదిలో అందరూ అబ్బో అని నోరు తెరిచారు. అప్పుడు ఆ హోరు మధ్యలోంచి స్పష్టంగా వినబడింది: ‘‘అరె, నా చెప్పు!’’

జనం ఫ్లాస్కు కింద పెట్టేశాడు. ‘‘చెల్లె, గా చెప్పు నాదే’’ అన్నాడు.

‘‘ఊరుకోండన్నా. ఎవరు గుర్తుపడతారు?’’

‘‘నేను గుర్తువట్టిన గద.’’

చానెల్ ఆయనకి ఫోన్ చేస్తే, విజువల్‌కి కొంచెం ఫీల్ కలిపామండీ అన్నాడు. అంతే. మర్నాటికి ఆ హోరు నాలుగు చానెళ్ళలో తిరిగింది, లక్షల ఫోన్లలోకి వెళ్ళింది. నిన్నటిదాకా ఏమీ అనని వాళ్ళు కూడా, అంతమంది అంటున్నారంటే నిజమే అయివుంటుందని తిట్టడం మొదలుపెట్టారు. ఆ పది రోజులూ జనం టీవీ గదిలోకి రాలేదు. ఒక సినిమాలో రైతుల తిరుగుబాటుకి గొంతిస్తే, ‘‘ఇది తిరుగుబాటా, రేషన్ క్యూనా?’’ అని దర్శకుడు విసుక్కున్నాడు. చెప్పు కేక మానేశాడు.

పదకొండో రోజున ఆ కుర్రాడే మా థియేటర్‌కి వచ్చాడు. టోపీ కళ్ళ మీదికి లాక్కుని, గోడవారగా నడుస్తూ. సీలింగ్ ఫ్యాన్ల కంపెనీ ప్రకటన. అది షూట్ చేసింది సెంచరీ రోజుల్లో. తెర మీద ఫ్యాన్ కింద చేతులు కట్టుకుని పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. దానికి ఇప్పుడు గొంతివ్వాలి. రాసినాయన ఎవరో గాని మహానుభావుడు. డైలాగు ఇది: ‘‘నేనెక్కడున్నా నా ఫ్యాన్స్ నన్ను వదలరు!’’

పదిహేడు టేకులు తీశాను. ఆ గొంతులో ఎవరో తరుముతున్నట్టే ఉంది. యాడ్ డైరెక్టరేమో ‘‘కొంచెం ఆనందంగా సార్, వదలరూ అని ఆనందపడాలి మీరు’’ అంటాడు. చివరికి విసుగొచ్చి, కంపెనీ వాళ్ళతో మాట్లాడి వస్తానని బయటికెళ్ళాడు. యాడ్ చివర్లో చప్పట్లూ ఈలలూ చెప్పడానికి జనం కూడా వచ్చి నా పక్కనే కూర్చుని ఉన్నాడు. ఆ కుర్రాణ్ణి చూసినప్పటి నుంచీ నేలచూపులే.

కుర్రాడు అద్దానికి అవతల వాళ్ళ నాన్నకి ఫోన్ చేశాడు. మైకు తెరిచి ఉన్న సంగతి అతనికి తెలియదు. మూసెయ్యాలని నాకు తోచలేదు.

‘‘బాపూ, ఇంటికి పోతలేను. టోలిచౌకిల దోస్తు రూముల ఉంటున్న... ఆదివారం మ్యాచ్ ఆడను. తొడ పట్టేసిందని చెప్త. తర్వాతనా? తర్వాత గూడ ఆడ బాపూ. ఇడిసిపెడ్త. నాతోని కాదు... అరె, వేలమంది ఒచ్చిండ్రు ఇంటిమీదికి, నువ్వు టీవీల జూడలే? వాచ్‌మన్ ఆరుగురే అంటడు. నా మనసు నొవ్వద్దని గట్ల చెప్తుండు, పాపం.’’

జనం లేచి నిలబడ్డాడు. మెడ నుంచి మఫ్లర్ తీసి కుర్చీ మీద పెట్టాడు. చెయ్యి పట్టుకున్నాను. ‘‘అన్నా, ఆలోచించండి. ఈ సంగతి పొక్కితే చానెళ్ళ వాళ్ళు మిమ్మల్ని మళ్ళీ పిలవరు. థియేటర్ వాళ్ళు నన్నూ ఉంచరు.’’

‘‘చెల్లె, పిలగాడు ఆటనే ఇడిసిపెడ్తుండు. నా చెప్పు చెయ్యవట్టి.’’

లోపలికెళ్ళాడు. నేనూ వెనకే వెళ్ళాను. వెయ్యిమందిగా అరిచిన మనిషికి ఒక్కడిగా మాట్లాడటానికి గొంతు పెగల్లేదు. రెండుసార్లు దగ్గాడు.

‘‘సార్... మీ ఇంటిమీదికొచ్చిన జనం... గది నేను.’’

కుర్రాడి మొహం మాడిపోయింది. ‘‘మీరు గూడ అండ్ల ఉన్నరా అంకుల్?’’

‘‘అండ్ల లేను సార్. అండ్ల ఉన్నది నేనొక్కణ్నే.’’

‘‘ఏందంకుల్?’’

‘‘అంటె, నేను రాలే సార్. గీ మైకులకెళ్ళే వచ్చిన.’’

కుర్రాడు నా వైపు చూశాడు. తర్వాత మైకు స్టాండు కిందికి వంగి చూశాడు, ఎక్కడన్నా కెమెరా దాచారేమోనని. ఇక లాభం లేదని నేను ఇవతలికొచ్చి ఆ రోజు రికార్డింగ్ తెరిచాను. ముందు మొత్తం వినిపించాను. ఆ హోరు హెడ్‌ఫోన్లలో పడగానే అతను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. నాకు సిగ్గేసింది. నేను చేసిన పని ఇది.

తర్వాత ఏడు ట్రాకులు మూసి ఒక్కొక్కటీ విడిగా వినిపించాను. సముద్రం పోయింది. ఖాళీ గదిలో ఒక పెద్దాయన ‘‘సిగ్గు సిగ్గు’’ అంటున్నాడు. రెండో దాంట్లో అదే పెద్దాయన గోడకి చెబుతున్నాడు. మూడో దాంట్లో పళ్ళూడిన ముసలాయన ‘‘బ్యాటు కింద పెత్తు’’ అన్నాడు. కుర్రాడి పెదవి ఒక పక్కకి వంకర తిరిగింది. ఐదో దాంట్లో జలుబువాడు ఆవేశంగా ‘‘సిగ్...’’ అని, నిజంగానే తుమ్మి, ‘‘ఒక్క నిమిషం చెల్లె’’ అన్నాడు. హోరులో కలిసిపోతుందిలే అని ఆ రోజు దాన్ని నేను కోసెయ్యలేదు. ఎనిమిదో దాంట్లో చెప్పు తెగింది.

కుర్రాడు నవ్వడం మొదలుపెట్టాడు. ఎక్కిళ్ళు వచ్చేదాకా నవ్వాడు. ‘‘అంటె మా వాచ్‌మన్ చెప్పింది నిజమేనా అంకుల్?’’

‘‘ఆరుగురే అయ్యుంటరు సార్. టీవీల గూడ నాలుగైదు పిడికిళ్ళే గద కనవడ్డయి.’’

మళ్ళీ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ టక్కున ఆగిపోయాడు. ఏదో తట్టింది. ‘‘మరి నేను సెంచరీ కొట్టిననాడు నా ఇంటి ముంగట డ్యాన్సులు చేసిండ్రు గద, పటాకులు, ఈలలు... గా జనం?’’

మా అన్న నేలవైపు చూశాడు. ‘‘గది గూడ... నేనే సార్. వేరే థియేటర్ల చెప్పిన. రెండు టేకులైంది.’’

‘‘నిజంగ ఎంతమంది ఒచ్చిండ్రు?’’

‘‘బొమ్మ చూసుకుంటనే చెప్పిన సార్. నలుగురు. అండ్ల ఒకడు డ్రెస్సుల ఉన్న మీ వాచ్‌మన్.’’

నాకు భయమేసింది, ఉన్న కాస్త ధైర్యమూ లాగేశామేమోనని. అతను టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని దాని వంకే చూస్తూ కూర్చున్నాడు. ‘‘తిట్టనీకి ఆరుగురు, మెచ్చుకోనీకి ముగ్గురు’’ అన్నాడు మెల్లగా. ‘‘గీళ్ళకోసమా నేను నెల దినాల సంది నిద్రపోనిది?’’ ఈసారి నవ్వింది మేం ముగ్గురం.

అంతలో యాడ్ డైరెక్టర్ తిరిగొచ్చాడు. ‘‘సార్, ఒక్కసారి ట్రై చేద్దామా?’’ కుర్రాడు మైకు ముందు నిలబడి, అద్దంలోంచి మా జనాన్ని చూస్తూ, ‘‘నేనెక్కడున్నా నా ఫ్యాన్స్ నన్ను వదలరు!’’ అన్నాడు. ఒకే టేకు. డైరెక్టర్ తొడ చరుచుకుని, ‘‘చూశారా మేడం, బ్రేకిస్తే ఆర్టిస్టు ఎలా సెట్టయ్యాడో! అనుభవమండీ’’ అన్నాడు. కుర్రాడు వెళ్తూ వెళ్తూ మా అన్న ఫోన్ నంబరు రాసుకున్నాడు. కారెక్కి డ్రైవర్‌తో ‘‘ఇంటికి పోనియ్’’ అన్నాడు.

ఆదివారం ఆడాడు. నేను, జనం, ముందుగదిలో ఇంకో పదిమంది. ఇలాంటి కథల్లో సెంచరీ కొడతాడని మీకూ ఆశగా ఉంటుంది. నాకూ ఉండింది. పందొమ్మిది కొట్టి, వదిలెయ్యాల్సిన బంతిని కెలికి ఔటయ్యాడు. స్టేడియం అంతా ఒక్కసారి ‘ఊ...’ అని ఊళ పెట్టింది. ఈసారి మా గదిలోంచి కాదు, ఒక్కొక్కడూ టికెట్టు కొనుక్కుని కూర్చున్నవాడే. టీవీవాడు ఆ కుర్రాడి మొహాన్ని నాలుగుసార్లు నెమ్మదిగా తిప్పి తిప్పి చూపించాడు. మఫ్లర్ సగం మా అన్న నోట్లోనే ఉంది. కళ్ళల్లో నీళ్ళు. ‘‘అయిపోయింది చెల్లె, మళ్ళ ఆ రూముకే పోతడు’’ అన్నాడు. నాకూ అదే అనిపించింది.

పొద్దుగూకుతుండగా ఆయన ఫోన్ మోగింది. అరిచి అరిచి ఆయనకి ఒక చెవి సరిగా వినబడదు, ఎప్పుడూ స్పీకర్‌లోనే పెట్టేవాడు.

‘‘కాకా, చూసినవా?’’

‘‘చూసిన బేటా. గా బాల్ ఇడిసిపెట్టాల్సింది.’’

‘‘అవ్, ఇడిసిపెట్టాల్సింది. రేపు నెట్స్‌ల గదే పని. ఆ షాట్ బంద్ చేస్త.’’

రేపు నెట్స్ అన్న మాట విని నేను మా అన్న భుజం పట్టుకున్నాను. ఆయన ఫోన్‌ని నోటి దగ్గరికి తెచ్చుకుని, భయంభయంగా అడిగాడు: ‘‘మరి అరిచిండ్రు గద బేటా... ఇయ్యాల నిజమైనోళ్ళు...’’

అవతల నుంచి నవ్వు వినబడింది. ‘‘అరిచిండ్రు కాకా. మస్తు అరిచిండ్రు. కాని నీ అంత మంచిగ కాదు.’’

ఆ మాట పట్టుకుని మా అన్న మూడేళ్ళు బతికాడు. కొత్తగా థియేటర్‌కి వచ్చిన ప్రతివాడినీ కూర్చోబెట్టి, స్టేడియం మొత్తం కలిసి అరిచినా నా అంత మంచిగ అరువలేదని ఒక పెద్ద ఆటగాడు నాకు స్వయంగా చెప్పిండు అనేవాడు. ఎవరా ఆటగాడు అని వాళ్ళు అడిగేవాళ్ళు, బతిమాలేవాళ్ళు, ఒట్టి కోతలని వెక్కిరించేవాళ్ళు కూడా. ఆ పేరు మాత్రం చనిపోయేదాకా చెప్పలేదు.